ఒక గదికి ఒక్క చెయ్యి

వంతెన పక్క వీధి, మేడ మీద గది
ఫిబ్రవరి 9

చెల్లీ,

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. ఈ రోజు కక్కేస్తాను.

నీ కార్డు అందింది. ఏడాదికొక కార్డు రాస్తావు. ఈసారి అయిదు లైన్లు రాశావు. ఒక లైనులో నా మోకాళ్ళ గురించి అడిగావు. మిగతా నాలుగు లైన్లలో అవకాడోలు ఎలా మాగబెట్టాలని అడిగావు. ఎవరిని అడుగుతున్నావో తెలిసే అడిగావా?

మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తాను. మీరు కొత్త ఇంట్లోకి మారిన వారం. బుధవారం నేను బుట్టతో వచ్చాను. అందులో పద్దెనిమిది అవకాడోలు. మా పండ్ల గోదాములో మేం వాటిని వెన్నపండ్లు అనేవాళ్ళం. రెండు వందల పండ్లలోంచి ఏరి తెచ్చాను. బస్సులో ఏడు గంటలు బుట్టను ఒళ్ళోంచి దించలేదు. పక్క సీటువాడు పసిబిడ్డ అనుకుని కిటికీ మూశాడు. నీ చేతికి ఇచ్చి ఏం చెప్పాను? "ఇవి ఇప్పుడు రాళ్ళే. గాలి తగిలే చోట పెట్టు, ఆదివారానికి వెన్న అవుతాయి" అన్నాను. అన్నానా లేదా?

ఆదివారం మీ కొత్త ఇంట్లో మొదటి భోజనం. ముప్పై రెండు మంది వచ్చారు. పండ్లు కోస్తే లోపల బూడిద రంగు. నమిలితే రబ్బరు. మీ ఆయన ఒక పండు తీసి బల్ల మీద టకటకా కొట్టి, "మా బావగారు పునాదికి రాళ్ళు తెచ్చారు. పాపం, ఇల్లు కట్టేశాక తెచ్చారు" అన్నాడు. ముప్పై రెండు మందీ నవ్వారు. నువ్వూ నవ్వావు. ఆ రోజు నుంచి మీ వైపు వాళ్ళంతా నన్ను రాళ్ళాయన అంటారు. నా ముందు అనరు. అంటారని నాకు తెలుసు.

ముప్పై ఎనిమిదేళ్ళు గోదాములో పండ్లు ఏరాను, మాగబెట్టాను. నేను పంపిన పెట్టె ఒక్కటి వెనక్కి రాలేదు. ఆ పద్దెనిమిదికీ నువ్వే ఏదో చేశావు. బూడిద రంగు ఊరికే రాదు. పచ్చిగా ఉన్నప్పుడు చలి తగిలితేనే వస్తుంది. మీ ఇంట్లో అప్పుడే కొత్త ఫ్రిజ్ దిగింది. అందులో పెట్టావా లేదా? పెట్టాను అని రాయి. లేదా పెట్టలేదు అని రాయి. ఆ తర్వాత నీ అవకాడోల సంగతి చూద్దాం.

అప్పటి నుంచి నీ గడప తొక్కలేదు. మోకాళ్ళ నొప్పులని చెబుతూ వచ్చాను. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

ఫోను చెయ్యకు. ఫోనులో ఎవరు మాట్లాడినా పళ్ళు తోముకుంటూ మాట్లాడినట్టే ఉంటుంది నా చెవికి. ఉత్తరం రాయి.

నీ అన్నయ్య


కోలుకునేవాళ్ళ భవనం, కింది వంటగది
ఫిబ్రవరి 21

అన్నయ్యా,

పదకొండేళ్ళ కోపాన్ని ఒక పేజీలో సర్దావు. మెచ్చుకోవాలి. మోకాళ్ళు బాగున్నందుకు సంతోషం. ఆ పాత సంగతి తర్వాత చూద్దాం. ముందు నా నెత్తి మీద పడ్డది విను.

నేను వంట చేసే చోటు నీకు తెలుసుగా. గొంతుకో దవడకో కడుపుకో ఆపరేషన్ అయినవాళ్ళు కోలుకునేదాకా ఇక్కడ ఉంటారు. ఇప్పుడు నలభై నాలుగు మంది ఉన్నారు. సగం మంది నమలలేరు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ అందరికీ వారానికి రెండుసార్లు అవకాడో పెట్టమని రాసింది. మొదటి పెట్టె వచ్చింది. ముట్టుకుంటే రాళ్ళు. ముప్పై ఏళ్ళుగా గరిటె పట్టిన మనిషి గట్టి వస్తువును చూస్తే ఏం చేస్తుంది? ఉడకబెట్టాను.

నవ్వకు.

వేడి తగిలితే ఆ పండు చేదెక్కుతుందని నాకెవరు చెప్పారు? దవడ ఆపరేషన్ అయిన లారీ డ్రైవరు ఒకాయన ఉన్నాడు. పది రోజులుగా నోరు విప్పని మనిషి. ఒక చెంచా తిని, మెల్లగా నోరు తెరిచి, "అమ్మా, మందు తర్వాత వేసుకుంటాను. ముందు తిండి పెట్టు" అన్నాడు.

అసలే మేనేజరు చూపు నా వంటగది మీద ఉంది. "పొయ్యిలు తీసేద్దామమ్మా. తయారైన తిండి పొట్లాల్లో బయటి నుంచి వస్తుంది. కత్తిరించి గిన్నెలో పొయ్యడమే" అంటున్నాడు. "మరి నేనూ నా దగ్గర పనిచేసే ముగ్గురమ్మాయిలూ ఏం చెయ్యాలి సార్?" అన్నాను. "కత్తెరలు పట్టుకోండి" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు.

మే ఇరవయ్యో తారీఖున కమిటీవాళ్ళు అయిదుగురు వస్తున్నారు. ఆ మధ్యాహ్నం నలభై నాలుగు పళ్ళేల్లో అవకాడో పెట్టాలి. డాక్టరమ్మ రాసింది మా వంటగది చెయ్యలేకపోతే అక్కడితో పొయ్యిలు ఆరిపోతాయి. ఈ వయసులో ఇంకో వంటగది నాకెవరిస్తారు?

నేను బతిమాలడం లేదు. ఎలా మాగబెట్టాలో అడుగుతున్నాను. చేతనైతే చెప్పు.

మీ బావ నమస్కారాలు చెప్పమన్నారు. ఆయన చెప్పమనలేదు, నేనే రాశాను.

నీ చెల్లెలు


వంతెన పక్క వీధి
మార్చి 2

చెల్లీ,

ఉడకబెట్టావా! కింద సైకిలు షాపతనికి చెప్పాను. పంపు వదిలేసి నవ్వాడు. చక్రంలో గాలి పోయింది.

నా ప్రశ్నకు జవాబు రాలేదు. అది మరిచిపోయాననుకోకు. కానీ నీ పొయ్యి ఆరిపోతుంటే ముందు నా మాట నెగ్గాలని కూర్చునేవాణ్ణి కాను. చేతనైతే చెప్పు అన్నావే. విను.

పని మానేసి ఆరేళ్ళయింది, చేతులు మరిచాయేమోనని నిన్న మార్కెట్‌కు వెళ్ళాను. పండ్లమ్మే ఆమె, "తాతా, నల్లగా ఉన్నవి తీసుకో. రేపే తినొచ్చు" అంది. "మాగి నల్లబడిందా, దెబ్బ తిని నల్లబడిందా?" అన్నాను. ఆమె నా మొహం చూసి, స్టూలు జరిపి, "కూర్చో తాతా" అంది. తాత అన్నందుకు కోపమొచ్చింది కానీ కూర్చున్నాను.

ఈ పండు చెట్టు మీద మాగదు. కోశాకే మాగుతుంది. అందుకని రాయిలా ఉందని భయపడకు, రాయే కావాలి. గరుకు తోలు రకం మాగితే నల్లబడుతుంది. నున్నటి తోలు రకం మాగినా పచ్చగానే ఉంటుంది. దాని రంగు నమ్మితే మోసపోతావు. నీకు గరుకు తోలుదే మంచిది. చేతిలోకి తీసుకుంటే చూసినదానికన్నా బరువు తూగాలి. మెడ దగ్గర సొట్ట ఉండకూడదు. తొడిమ ఊడిపోగా మిగిలిన బొడిపె ఉంటుందే, అది కదలకుండా ఉండాలి. అది పోయినచోటు నుంచే కుళ్ళు లోపలికి దిగుతుంది. చెవి దగ్గర ఊపు. గింజ కొట్టుకుంటే పక్కన పెట్టు. అన్నీ ఒకే గట్టితనం ఉన్నవి ఏరుకో. లేకపోతే ఒక్కోటి ఒక్కో రోజు మాగి నీ ప్రాణం తీస్తాయి.

తెచ్చాక అట్టపెట్టెలో పాత పేపరు పరిచి, ఒకదానికొకటి తగలకుండా పేర్చు. మధ్యలో నాలుగు మాగిన అరటిపండ్లు పెట్టు. పక్కన అరటిపండు ఉంటే ఇవీ తొందరపడతాయి. మూత వదులుగా ఉంచు. ఎండ వద్దు. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమట పట్టి బూజొస్తుంది. ఫ్రిజ్‌లోకి మాగాకే వెళ్ళాలి. మాగకముందు పెడితే ఏమవుతుందో నాకన్నా నీకే బాగా తెలుసు.

ఆరు రోజులు పడుతుంది. రోజూ పొద్దున బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగితే మాగినట్టు.

ఇది ముప్పై ఎనిమిదేళ్ళ విద్య. నీకు ఒక స్టాంపుకు వచ్చింది.

నీ అన్నయ్య


వంటగది
మార్చి 25

అన్నయ్యా,

నువ్వు రాసినట్టే చేశాం. అక్షరం పొల్లు పోలేదు. బరువు చూశాం, బొడిపె చూశాం, ఊపి చూశాం. మా చిన్నమ్మాయి ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుంటుంటే పండ్ల కొట్టతను, "గడియారాలనుకున్నావా అమ్మా?" అన్నాడు. పాత పేపరు, అరటిపండ్లు, వదులు మూత, అన్నీ నువ్వు చెప్పినట్టే. నీ ఉత్తరం సామాన్ల గది తలుపుకు అంటించాను. వచ్చేపోయేవాళ్ళంతా చదివారు.

రోజూ పొద్దున బొటనవేలితో నొక్కి చూడండి అన్నావు. చూశాం. నేను చూశాను. ముగ్గురమ్మాయిలూ చూశారు. అంట్లు తోమే ఆమె చూసింది. మేనేజరు కూడా వచ్చి, "ఇవేనా ఆ పండ్లు?" అని నాలుగైదు నొక్కాడు. అలా ఆరు రోజులు.

ఏడో రోజు తోలు చక్కగా నల్లబడింది. మేనేజరును నేనే పిలిచి ఆయన ముందే కోశాను. ప్రతి పండులోనూ నల్లటి మచ్చలు. వేలిముద్రలు అన్నయ్యా. పోలీసుల చేతికిస్తే ఎవరెవరు నొక్కారో చెప్పేస్తారు. మచ్చలు చెక్కేస్తే మిగిలింది ఆరు గిన్నెలు. నలభై నాలుగు మందికి ఆరు గిన్నెలు.

"మీ అన్నయ్యగారు పెద్ద నిపుణులని విన్నాను" అన్నాడు మేనేజరు. ఆయన బొటనవేలి ముద్ర కూడా అందులో ఉంది. ఆ మాటైనా అనుండాల్సింది. పొట్లాలవాళ్ళకు ఉత్తరం అప్పుడే తయారుచేశాడు. తారీఖు ఒక్కటే ఖాళీగా ఉంచాడు. మే ఇరవైకి ఇంకొక్క పెట్టె మాత్రం తెప్పిస్తాడట. అదే ఆఖరు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నా వేళ్ళ చివరలకు స్పర్శ లేదు. ముప్పై ఏళ్ళు వేడి గిన్నెలు పట్టుకుని అవి చెప్పుల అట్టల్లా అయిపోయాయి. ఆరు రోజులూ నొక్కాను గానీ నాకేమీ తెలియలేదు. అమ్మాయిలు మెత్తబడిందంటే నేనూ మెత్తబడిందన్నాను.

చేతనైతే చెప్పు అన్నాను. చెప్పావు. ఇదేనా చెప్పడం?

చెల్లెలు


వంతెన పక్క వీధి
ఏప్రిల్ 3

చెల్లీ,

తప్పు నాది.

ఆ రెండు మాటలు రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇక అవి నీ దగ్గరే ఉంటాయి. ఎవరికి చూపించుకుంటావో చూపించుకో.

మా గోదాములో ఒక గదికి ఒక్క చెయ్యి. అదే మా పద్ధతి. నా గదిలో పండు ముట్టుకుంటే నేనే ముట్టుకోవాలి. తాళంచెవి నా జేబులో ఉండేది. యజమాని వచ్చి, "ఎలా ఉన్నాయో చూద్దామా" అంటే, "గుమ్మంలోంచి కళ్ళతో చూడండి" అనేవాణ్ణి. పది చేతులు పడితే మంచి పండు కూడా కుళ్ళిపోతుంది. ఇది నీకు రాయాలని తోచలేదు. నా గదిలోకి రెండో చెయ్యి ఎప్పుడూ రాలేదు, అందుకని వస్తుందన్న ఆలోచనే రాలేదు.

ఇంకోటి. బొటనవేలు అని రాశానే, నేనెప్పుడూ బొటనవేలు వాడలేదు. కాగితం ముందు కూర్చుంటే నా చెయ్యి ఏం చేసేదో నాకే గుర్తు రాక, జనం చేసేది రాశాను. నిన్న మార్కెట్‌లో నా చేతిని నేనే కాపలా కాశాను. పండును అరచేతిలో పడుకోబెట్టి అయిదు వేళ్ళూ ఒక్కసారే మూస్తున్నాను, పిట్టను పట్టుకున్నట్టు. పండ్లమ్మే ఆమె, "ఏం తాతా, నీ చెయ్యి నువ్వే చూసుకుంటున్నావు?" అంది. "ముప్పై ఎనిమిదేళ్ళయింది, ఇవాళే పరిచయమయింది" అన్నాను.

నొక్కడం మానెయ్యండి. మూడు రోజులు పెట్టె తెరవొద్దు. నాలుగో రోజు నుంచి రోజుకొక్కసారి, ఒక్క మనిషి. అనుమానమొస్తే ఒక పండును వదులుకో. దాని బొడిపె గోటితో లేపు. ఊడి రాకపోతే పచ్చి. ఊడి, కింద లేతపచ్చగా ఉంటే ఇవాళే తినాలి. గోధుమరంగుంటే నిన్న తినుండాల్సింది. అన్ని పండ్లకూ ఇలా చెయ్యకు. బొడిపె పోయిన పండు నిలవదు.

నీ వేళ్ళ సంగతి చదివాను. దానికి మందు నాకు తెలియదు. వేరే చెయ్యి వెతుక్కోవాల్సి వస్తుందేమో. కానీ పరాయి చెయ్యి మీద నీ వంటగదిని నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. వారానికి మూడు పండ్లు ఇంటికి తెచ్చుకుని ఒంటరిగా పట్టుకుని చూడు. నెలన్నర ఉంది.

ఈ ఉత్తరంలో నా పాత ప్రశ్న అడగను. తప్పు చేసినవాడికి ఈ పూట అడిగే మొహం లేదు. వచ్చే ఉత్తరంలో అడుగుతాను.

అన్నయ్య


ఇల్లు, వెనక వరండా
ఏప్రిల్ 20

అన్నయ్యా,

భవనం నుంచి రాయడం లేదు, ఇంటి నుంచి రాస్తున్నాను. ఎదురుగా మూడు అవకాడో గింజలున్నాయి. ఇవి మూడో వారం పండ్లవి.

మొదటి వారం అరచేతిలో పెట్టుకుని వేళ్ళు మూశాను. ఏమీ తెలియలేదు. గ్లాసు పట్టుకున్నట్టే ఉంది. రెండో వారం కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. ఏడుపొచ్చింది గానీ మెత్తదనం తెలియలేదు. కళ్ళు తుడుచుకుందామంటే చేతిలో పండుంది. ఆ చేత్తోనే తుడుచుకోబోతే పండు చెంపకు ఆనింది.

తెలిసింది అన్నయ్యా! చెంపను పొయ్యి మీద పెట్టలేదుగా ముప్పై ఏళ్ళు. పచ్చిది ఎముకలా తగిలింది. రెండోది పచ్చిదే గానీ కొంచెం లొంగింది. మూడోదాన్ని ఆనిస్తే చెంపకు చెంప తగిలినట్టుంది. కోశాను. మచ్చ లేదు. తోలు పక్కన పచ్చగా, గింజ పక్కన పసుపుగా ఉంది. చెంచాతో అక్కడే నిలబడి తినేశాను. ఈ వారం మూడింటికీ ముందే చెప్పాను, ఇది నేడు, ఇది రేపు, ఇది ఎల్లుండి అని. మూడూ మాట నిలబెట్టుకున్నాయి.

మీ బావ వరండాలోకి వచ్చి చూసి, "ఆ పండుకు ముద్దులు పెడుతున్నావా?" అన్నారు. "అవును, అది తిరిగి మాట్లాడదు" అన్నాను.

ఇక నీ ప్రశ్న. వచ్చే ఉత్తరంలో అడుగుతానన్నావు. అక్కర్లేదు.

ఫ్రిజ్‌లో పెట్టాను. బుధవారం సాయంత్రమే పెట్టాను. మన ఇంటి వాళ్ళలో మొదటి ఫ్రిజ్ నాదే. చుట్టుపక్కల వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, తలుపు తీస్తే లోపల ఒక నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు. సిగ్గేసింది. నీ పండ్లు రెండు అరల్లో వరసగా పేరిస్తే ఎంత నిండుగా ఉందో! నువ్వు చెప్పింది గుర్తుంది. ఆదివారం పొద్దున తీస్తే సరిపోతుందిలే అనుకున్నాను. మీ బావ బల్ల మీద కొట్టినప్పుడు నాకు అప్పుడే తెలుసు. చెబితే నవ్వు నా మీదికి తిరుగుతుందని నేనూ నవ్వాను. నువ్వు "తప్పు నాది" అని రాశావు. అది చదివాక నాకు ఇక దాచబుద్ధి కాలేదు.

నిన్న మీ బావకూ చెప్పాను. పేపరు దించి, "అంటే పదకొండేళ్ళుగా నేను ఎగతాళి చేస్తున్నది మీ అన్నయ్యను కాదు, నిన్నా?" అన్నారు. "అవును" అన్నాను. "ఒక్కసారైనా ఆపొచ్చుగా నన్ను?" "మీరంత బాగా నవ్విస్తుంటే ఎలా ఆపను?" ఇవాళ కలం అడిగి తీసుకున్నారు. కింది రెండు లైన్లు ఆయనే రాశారు.

నీ చెల్లెలు

బావగారూ, రాళ్ళ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ముప్పై రెండు మందిలో బతికున్నవాళ్ళు ఇరవై ఏడు మంది, అందరికీ నేనే చెబుతాను.


వంతెన పక్క వీధి
ఏప్రిల్ 28

చెల్లీ,

నీ ఉత్తరం కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి చదివాను. గెలిచాను. పదకొండేళ్ళు నేననుకున్నదే నిజం. మెట్లు దిగి సైకిలు షాపతనికి, "ఫ్రిజ్‌లోనే పెట్టిందట!" అన్నాను. అతనికి ఏమీ అర్థం కాలేదు. అయినా చెయ్యి కలిపాడు.

నవ్వినందుకు కోపం ఇంకా కొంచెం ఉంది. మే ఇరవై దాకా ఉంచుకుంటాను.

నీ చెంప సంగతి. మొదట నవ్వొచ్చింది. తర్వాత తలుపు గడియ పెట్టి నేనూ ఆనించుకున్నాను. నా గెడ్డం గరుకు, అడ్డమొచ్చింది. గీసుకుని వచ్చి మళ్ళీ ఆనించాను. నా చెయ్యి రేపు అన్న పండును చెంప ఇవాళే అంది. కోశాను. చెంపదే నిజం. ముప్పై ఎనిమిదేళ్ళలో పండు గురించి నాకు కొత్త సంగతి చెప్పినవాళ్ళు లేరు. నువ్వు చెప్పావు. ఈ మాట రెండోసారి రాయను.

పద్నాలుగో తారీఖు శనివారం పెట్టె రావాలి. ఇరవై నాలుగు చాలు, కానీ ముప్పై తెప్పించు. నువ్వే ఏరాలి. గది తాళంచెవి నీ దగ్గరే ఉండాలి. మేనేజరు అడిగితే నా మాటగా చెప్పు, కళ్ళతో చూడండి అని. బుధవారం నుంచి రోజుకొక్కసారి చెంప. గురువారానికే సిద్ధమైతే, అప్పుడు మాత్రం, అప్పుడు మాత్రమే, ఫ్రిజ్‌లో పెట్టు. రాత్రికి రాత్రి పాడవవు.

కోసేది వడ్డించడానికి అరగంట ముందే. నిలువుగా గింజ చుట్టూ కత్తి తిప్పి, రెండు చేతులతో మెలిపెట్టు. గింజను కత్తితో కొట్టకు, ఎందరి అరచేతులో తెగాయి అలాగే. చెంచాతో లేపు. తోలును మెడ దగ్గర నుంచి ఒలుచు, గుజ్జు గీకకు. తోలుకు ఆనుకున్న పచ్చటి భాగంలోనే రుచంతా ఉంది. ఫోర్కుతో మెదిపి, ఉప్పు, నిమ్మరసం వెయ్యి. గొంతు ఆపరేషన్ వాళ్ళకు నిమ్మరసం మంట పెడుతుందేమో డాక్టరమ్మను అడుగు. వాళ్ళకు జల్లెడ పట్టి చల్లటి పాలు కలుపు. గాలి తగిలితే నల్లబడుతుంది, గుజ్జు మీదే ఆనేటట్టు కాగితం కప్పు. పొయ్యి దగ్గరకు మాత్రం తీసుకెళ్ళకు. ఈ సంగతి నీకు డ్రైవరుగారు చెప్పే ఉన్నారు.

అన్నయ్య


వంటగది
మే 21

అన్నయ్యా!

ముప్పైలో ఇరవై ఎనిమిది సిద్ధం. రెండు పచ్చి. ఆ రెండింటినీ గురువారమే చెంపతో కనిపెట్టి పక్కన పెట్టాను. శుక్రవారం పొద్దున తలుపు వేసుకుని ఒక్కోటీ ఆనించుకుంటుంటే మేనేజరు తలుపు తోసి గుమ్మంలో నిలబడి, "ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు. "పని" అన్నాను. లోపలికి అడుగు వేయబోయాడు. "కళ్ళతో చూడండి సార్" అన్నాను. ఆగిపోయాడు! వెనక మా ముగ్గురమ్మాయిలూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

మొదటి పండు చుట్టూ కత్తి తిప్పాను. మెలిపెట్టాను. రెండు చెక్కలూ విడిపోయాయి. పచ్చగా, పసుపుగా, ఒక్క మచ్చ, ఒక్క పీచు లేకుండా ఉంది. చిన్నమ్మాయి చప్పట్లు కొట్టింది. రెండోది, మూడోది, పదోది... ఇరవై నాలుగూ అంతే అన్నయ్యా, ఇరవై నాలుగూ!

కమిటీవాళ్ళు అయిదుగురూ భోజనాల హాల్లో నిలబడ్డారు. మేనేజరు పొట్లం ఒకటి నమూనాకు తెచ్చి, "ఇదీ రుచి చూడండి, పోల్చి చూడొచ్చు" అన్నాడు. కత్తిరిద్దామంటే కత్తెర లేదు. వంటగదిలో లేదు, ఆఫీసులో లేదు, మందుల గదిలో లేదు. ఎక్కడుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మా అమ్మాయిల మొహాలు చూస్తే నాకు తెలుసు. చివరికి పళ్ళతో చింపాడు. సగం చొక్కా మీద పడింది.

నలభై నాలుగు పళ్ళేలు వెళ్ళాయి. డ్రైవరుగారు గిన్నె వైపు అనుమానంగా చూశాడు. చెంచా చివర కొంచెం తీసుకున్నాడు. తర్వాత చెంచా నిండా తీసుకున్నాడు. గిన్నె ఖాళీ చేసి, కమిటీ పెద్దావిడ వినేలా, "ఇంకొకటి పెట్టమ్మా. ఇది మందు కాదు" అన్నాడు. రెండు నెలలుగా గొట్టంతో తాగుతున్న కుట్టుపనామె చెంచా అడిగింది. నా దగ్గర చెంచా ఇవ్వడానికి చెయ్యి లేదు, రెండు చేతులూ కళ్ళ దగ్గరున్నాయి. డాక్టరమ్మే ఇచ్చింది.

పెద్దావిడ రెండు గిన్నెలు తింది. "ఇది ఎవరు నేర్పారు?" అంది. "మా అన్నయ్య" అన్నాను. "ఎక్కడుంటారు?" "చాలా దూరం. కోపంగా ఉంటారు" అన్నాను. నవ్వి, మేనేజరు వైపు తిరిగి, "ఆ పొట్లాలవాళ్ళకు వద్దని రాసెయ్యండి" అంది. పొయ్యిలు ఉంటాయి అన్నయ్యా. నేనుంటాను, మా అమ్మాయిలుంటారు.

విను, అసలు సంగతి ఇప్పుడు. వెనక సామాన్ల గదిని పండ్ల గది చేస్తున్నారు. అవకాడోలే కాదు, బొప్పాయి, అరటి, అన్నీ అక్కడే మాగాలట. మేనేజరు సాయంత్రం వచ్చి, "వారానికి రెండు రోజులు మీ అన్నయ్యగారు వచ్చి చూసుకుంటారా?" అని అడిగాడు. "అడుగుతాను. ఆయన షరతులు ఆయనకుంటాయి" అన్నాను. రెండు రోజులూ మా ఇంట్లోనే ఉండొచ్చని మీ బావ అంటున్నారు. ఈసారి నిజంగానే ఆయన అన్నారు. మొదటి పెట్టెలు జూన్ పదమూడో తారీఖు సోమవారం వస్తాయి.

నీ చెల్లెలు


వంతెన పక్క వీధి, మేడ మీద గది
జూన్ 3

చెల్లీ,

నీ ఉత్తరం సైకిలు షాపతను గట్టిగా చదివాడు. నేనే చదవమన్నాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి, కానీ నలుగురూ వినాలిగా. పక్క కొట్టువాళ్ళూ, రోడ్డు ఊడ్చే ఆమే ఆగి విన్నారు. "ఇరవై నాలుగూ" అన్నచోట మళ్ళీ చదవమన్నాను. పండ్లమ్మే ఆమెకు నేనే వెళ్ళి చెప్పాను. "అయితే తాతా, నాకూ ఆ చెంప విద్య చూపించు" అంది. చూపించాను. ఇప్పుడు ఆమె కొట్టు ముందు జనం ఆగి నవ్వుతున్నారు, పండ్లు మాత్రం కొంటున్నారు. చెల్లెలి విద్య అని చెప్పాను. నాది అని చెప్పలేదు. చెప్పాలనిపించింది.

నవ్వినందుకున్న కోపం ఇరవయ్యో తారీఖుతో తీరిపోయింది.

వస్తాను. నాకు డెబ్బై మూడేళ్ళు. పని అడగడానికి వెళ్ళే వయసు కాదు. వాళ్ళే అడిగారు కాబట్టి వస్తాను. అయితే కొన్ని మాటలు ముందే తేలాలి. గదిలో వీపు ఆనించుకునే కుర్చీ ఉండాలి, స్టూలు మీద కూర్చోను. కిటికీ ఎటువైపుందో రాయి. మధ్యాహ్నం ఎండ లోపలికొస్తే ఆ గది పనికిరాదు, మేనేజరును ఇంకో గది చూడమను. భవనంలో ఎవరూ నన్ను తాతా అనకూడదు. ఏమని పిలవాలో నేను వచ్చాక చెబుతాను. అరటిపండ్లు, అవకాడోలు ఒకే చోట రోజుల తరబడి ఉంచితే అవకాడోలు పరుగెత్తిపోతాయి, మధ్యలో గోడో తెరో కావాలి.

ఇక తాళంచెవి. ఒక గదికి ఒక్క చెయ్యి అన్నది నేనే. కానీ అక్కడ నా చెయ్యీ ఉంటుంది, నీ చెంపా ఉంటుంది. బాగా ఆలోచించాను. తాళంచెవులు రెండు చేయించు. మూడోది వద్దు, మేనేజరుకు కూడా వద్దు. ఒక పండు దగ్గర మనిద్దరి మాటా కలవకపోతే అక్కడే కోసి చూద్దాం. ఎవరిది తప్పైతే ఆ పండు వాళ్ళే తినాలి. పచ్చిదైనా సరే తినాలి. ఈ షరతుకు ఒప్పుకుంటావో లేదో స్పష్టంగా రాయి. చూద్దాంలే, తర్వాత మాట్లాడుకుందాం అంటే కుదరదు.

మీ ఆయనకు చెప్పు, నేను పొద్దున్నే లేస్తాను, లేవగానే కిటికీలన్నీ తీస్తాను. ఆయనకు చలేస్తే దుప్పటి కప్పుకోవాలి.

పదమూడుకు పెట్టెలు వస్తాయన్నావు. పెట్టెలు రాకముందే గదిలో ఒక పగలంతా కూర్చుని గాలి ఎటు తిరుగుతుందో చూసుకోవాలి. అంటే శనివారం పొద్దుటి బస్సు ఎక్కాలి. కాబట్టి జూన్ పది, శుక్రవారం సాయంత్రంలోపు నీ జవాబు నా చేతిలో ఉండాలి. కుర్చీ, కిటికీ, రెండు తాళంచెవులు, పండు తినే షరతు. నాలుగింటికీ అవునో కాదో రాయి.

అన్నయ్య